గేర్ బాక్సు వేడి డ్రైవరుకు కనిపించాలి

సంపాదకులకు నమస్కారం.

వేసవి వచ్చిందంటే ఘాట్ రోడ్డు మీద లారీ ఆగిపోయి గంటల తరబడి రాకపోకలు స్తంభించాయన్న వార్తలు మీ పత్రిక జిల్లా పేజీల్లో తరచుగా కనిపిస్తుంటాయి. కారణం మాత్రం ఎప్పుడూ ‘సాంకేతిక లోపం’ అన్న రెండు మాటలతో ముగిసిపోతుంది. ఆ లోపం ఇంజనుదా, బ్రేకులదా, గేర్ బాక్సుదా అని ఎవరూ ఆరా తీయరు. విజయవాడ ఆటోనగర్‌లో లారీల వైరింగ్ పని చేసుకునేవాడిగా, ఈ మూడింటిలో చివరిదాని గురించి, దానిలోని ఆయిల్ ఎంత వేడెక్కిందో డ్రైవరుకు చూపించే చిన్న సెన్సరు గురించి, లారీ యజమానులకూ రవాణా శాఖకూ నాలుగు మాటలు విన్నవించుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చాక లారీ నిండా సెన్సర్లే. సైలెన్సరులో పొగ ఎంత వేడిగా ఉంది, అందులో నైట్రోజన్ ఆక్సైడ్లు ఎంత ఉన్నాయి, మసిని పట్టే ఫిల్టరుకు ముందూ వెనుకా పీడనంలో తేడా ఎంత, పొగలోని ఆ ఆక్సైడ్లను తగ్గించడానికి వాడే డీఈఎఫ్ ద్రవం ట్యాంకులో ఎంత మిగిలింది అన్నవన్నీ క్షణక్షణం కొలిచి కంప్యూటరుకు చేరవేసే ఏర్పాటు ఉంది. ఇంజను నీళ్ళ వేడికి డ్యాష్‌బోర్డులో ముల్లు ఉంది, ఇంజన్ ఆయిల్ ప్రెషరుకు లైటు ఉంది, బ్రేకుల గాలికి మీటరు ఉంది. ఇంజను పుట్టించే శక్తినంతా మోసి చక్రాలకు అందించే గేర్ బాక్సు దగ్గరికి వచ్చేసరికి, చేత్తో గేరు మార్చే మన మామూలు లారీల్లో చాలావాటికి ఏ సూచికా లేదు. ఆటోమేటెడ్ గేర్ బాక్సులున్న ట్రైలర్లు లాగే ఖరీదైన లారీల్లో, దిగుడులో బ్రేకులకు తోడుగా వేగం తగ్గించే రిటార్డరు బిగించిన బండ్లలో ఈ కొలత ఉంటుంది. అదీ అక్కడి కంప్యూటరుకు కావాలి కాబట్టి పెట్టారు గానీ, డ్రైవరు సంగతి ఆలోచించి పెట్టింది కాదు.

గేర్ బాక్సు అంతగా వేడెక్కుతుందా అని అడిగే యజమానులు ఇప్పటికీ ఉన్నారు. 250 హార్స్ పవర్ ఇంజను అంటే సుమారు 186 కిలోవాట్లు. పళ్ళ రాపిడిలో, బేరింగుల్లో, ఆయిల్‌ను చిలకడంలో అందులో రెండు మూడు శాతమే పోతుందనుకున్నా, పూర్తి లోడుతో ఎక్కుతున్నంతసేపూ నాలుగైదు కిలోవాట్ల వేడి ఆ డొక్కులో పుడుతూనే ఉంటుంది. ఇంట్లో వాడే గీజర్లు రెండింటిని ఆపకుండా వేసి ఉంచడంతో అది సమానం. దాన్ని మోయవలసింది పది లీటర్లకు అటూ ఇటూగా ఉండే గేర్ ఆయిల్. చల్లార్చవలసింది హౌసింగ్, అంటే ఆ పై డొక్కు, మీదుగా వీచే ఎదురుగాలి. ఇంజనుకు రేడియేటరూ ఫ్యానూ ఉన్నాయి కానీ, మన లారీల్లో చాలా గేర్ బాక్సులకు ఆ గాలి తప్ప వేరే దిక్కు లేదు. పైగా ఇంజను గదిలోంచి వచ్చే వేడిగాలి కూడా ముందుగా దానికే తగులుతుంది.

హైవే మీద డైరెక్ట్ గేరులో బండి వేగంగా పోతున్నప్పుడు శక్తి గేర్ బాక్సులోని మెయిన్ షాఫ్టు గుండా నేరుగా వెళుతుంది, రాపిడి తక్కువ, గాలి ఎక్కువ. అదే బండి లోడుతో గిద్దలూరు నుంచి నంద్యాల వైపు నల్లమల ఎక్కేటప్పుడో, మారేడుమిల్లి దాటి చింతూరు దారిలో మలుపులు తిరిగేటప్పుడో, శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు పోయేటప్పుడో ఈ లెక్క మొత్తం తలకిందులవుతుంది. చిన్న గేర్లలో శక్తి రెండు జతల పళ్ళ గుండా పోవాలి కాబట్టి వేడి ఎక్కువ పుడుతుంది. బండి నడక వేగంతో పోతుంది కాబట్టి గాలి ఆడదు. బయట ఎండ 44, 45 డిగ్రీలుంటే ఉన్న గాలి కూడా చల్లార్చేది అంతంతమాత్రం. 2018 జూలైలో కేంద్రం ఇరుసు బరువుల పరిమితిని పెంచి, నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు, జంట ఇరుసులకు 19 నుంచి 21 టన్నులకు అనుమతి ఇచ్చిన తరువాత, చట్టప్రకారం మోసే బరువే పెరిగింది. చట్టానికి మించి వేసే బరువు గురించి ఇక్కడ మాట్లాడను, అది వేరే లేఖకు సరిపోయే విషయం.

భారీ లారీల గేర్ బాక్సులు తయారుచేసే ఈటన్ కంపెనీ తన సూచనల్లో ఆయిల్ వేడి ఎడతెగకుండా 120 డిగ్రీల సెల్సియస్ దాటి ఉండకూడదని చెబుతుంది. కొద్దిసేపు 150 దాకా పోయినా భరించవచ్చు కానీ ఆయిల్ ఆయుష్షు తగ్గుతుందనీ చెబుతుంది. అంత వేడి ఎప్పుడు పుడుతుందో చెబుతూ అదే కంపెనీ నెమ్మదిగా ఎడతెగకుండా నడపడం, బయటి ఎండ, గేర్ బాక్సు చుట్టూ గాలి ఆడకపోవడం వంటి కారణాలు పేర్కొంది. మన ఘాట్లను చూసి రాసినట్టే ఉంటుంది. ఒక స్థాయి దాటాక ప్రతి పది డిగ్రీలకూ ఆయిల్ చెడిపోయే వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది ఈ రంగంలో అందరూ వాడే మోటు లెక్క. పైకి గోధుమ రంగులో ఉండే గేర్ ఆయిల్ నల్లబడి మాడు వాసన వేసేనాటికి, అందులో కలిపిన గంధకపు పదార్థాలు, గేరు సాఫీగా పడేలా చేసే సింక్రోనైజర్ల ఇత్తడి రింగులను తినడం మొదలుపెట్టి ఉంటాయి. ఆయిల్ సీళ్ళ రబ్బరు గట్టిపడి, వెనుక ఫ్లాంజి దగ్గర చెమ్మ కనిపిస్తుంది. ఆ చెమ్మను గుడ్డతో తుడిచి ముందుకు పోతే ఆయిల్ లెవెల్ తగ్గుతుంది, లెవెల్ తగ్గితే మిగిలిన ఆయిల్ ఇంకా వేడెక్కుతుంది.

మన డ్రైవర్లు అజాగ్రత్తపరులు కారు. దాబా దగ్గర బండి ఆపిన ప్రతిసారీ రాడ్డుతో టైర్లు కొట్టి చూస్తారు, బ్రేకు డ్రమ్ము దగ్గర అరచెయ్యి పెట్టి వేడి చూస్తారు, లీకులున్నాయేమో కిందికి వంగి చూస్తారు. గేర్ బాక్సు మాత్రం చెయ్యి అందని చోట ఉంది. అందినా 90 డిగ్రీలకూ 130 డిగ్రీలకూ తేడా చెయ్యి చెప్పలేదు, రెండూ కాల్చేవే. ఆ తేడాను చెప్పడానికే సెన్సరు. సెన్సరు, మీటరు, వైరు, కూలీ అన్నీ కలిపి లెక్క వేసినా ఒక లారీ టైరు ధర కాదు. గేర్ బాక్సు దింపి, విప్పి, కోన్లూ బేరింగులూ మార్చడానికి అయ్యే ఖర్చుతో దీన్ని పోల్చి చూడవలసిన అవసరం యజమానులకు నేను చెప్పక్కర్లేదు.

ఇక బిగించే పద్ధతి. ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఇదే. ఈ మధ్య కొందరు యువకులు సెల్‌ఫోనులో అమెరికా వీడియోలు చూసి, అక్కడి మీటర్లు తెప్పించి లారీలకు బిగించమని వస్తున్నారు. వారి ఉత్సాహాన్ని తప్పు పట్టను. అయితే ఆ వీడియోల్లో కనిపించేవి ట్రైలర్లు లాగే డీజిల్ పికప్పులు, వాటిలో ఎక్కువ భాగం ఆటోమేటిక్ గేర్ బాక్సులు. అక్కడ వేడి పుట్టేది ముఖ్యంగా, ఇంజను శక్తిని ఆయిల్ ద్వారా గేర్ బాక్సుకు అందించే టార్క్ కన్వర్టరులో. కన్వర్టరు నుంచి కూలరుకు పోయే పైపులో సెన్సరు పెడితే ఆ వేడి వెంటనే తెలుస్తుంది, అడుగున ప్యాన్‌లో పెడితే నిదానంగా, నిలకడగా తెలుస్తుంది, కూలరు నుంచి తిరిగి వచ్చే పైపులో పెడితే చల్లారిన ఆయిల్ వేడే తెలుస్తుంది. అక్కడివారు ఈ మూడు చోట్ల గురించి తెగ వాదించుకుంటారు. కన్వర్టరూ కూలరూ లేని మన మామూలు లారీకి ఆ వాదన అక్కర్లేదు. ఇక్కడ సెన్సరు కొన ఎప్పుడూ ఆయిల్‌లో మునిగి ఉండాలి, అంతే. పైభాగంలో దొరికిన ఏదో ఒక ప్లగ్గు విప్పి పెడితే అది లోపలి గాలి వేడినీ, చిమ్మిన తుంపర్ల వేడినీ చూపిస్తుంది. లెవెల్ తగ్గినకొద్దీ ఇంకా తప్పు చూపిస్తుంది.

చాలా గేర్ బాక్సులకు కంపెనీయే పక్కన సెన్సరు కోసం ఒక పోర్టు, అంటే రంధ్రం, ఇచ్చి ప్లగ్గు బిగించి ఉంచుతుంది, దాన్ని వెతికి వాడుకోవడమే ఉత్తమం. అది లేకపోతే డ్రెయిన్ ప్లగ్గు స్థానంలో, మధ్యలో సెన్సరుకు త్రెడ్ ఉన్న ప్లగ్గు వాడవచ్చు. అయితే అది అడుగున వేలాడుతుంది కాబట్టి క్వారీ దారిలో రాయి తగిలితే విరిగి, ఆయిల్ మొత్తం రోడ్డు పాలవుతుంది. చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైటు క్వారీల్లోకి దిగే బండ్లకు ఈ పద్ధతి నేను సూచించను. హౌసింగ్‌కు డ్రిల్లు వేసి ట్యాప్ కొట్టడం, అంటే కొత్త రంధ్రంలో త్రెడ్ కోయడం, మాత్రం ఎవరు అడిగినా చేయకూడని పని. అల్యూమినియం రజను లోపల పడుతుంది, గోడ మందం తగ్గుతుంది, వారంటీ పోతుంది. అమెరికా సెన్సర్ల త్రెడ్ కొన వైపు సన్నబడుతూ పోయే టేపరు త్రెడ్. దాన్ని మన మెట్రిక్ రంధ్రంలోకి స్పానరు వేసి బలవంతంగా తిప్పితే మొదటి రెండు చుట్లు బాగానే పోతుంది, ఆ తరువాత అల్యూమినియం పగులుతుంది. వాటి మీటర్లు ఫారన్‌హీట్‌లో ఉంటాయన్నది మరో చిక్కు. 200 మీద ముల్లు చూసి బెదిరిపోయి బండి పక్కకు తీసినవారున్నారు. అది 93 డిగ్రీల సెల్సియస్, గేర్ బాక్సుకు మామూలు వేడి.

వైరింగ్ దగ్గర జరిగే పొరపాట్లు ఇంకా ఎక్కువ. మనవి 24 వోల్టుల బండ్లు, పికప్పు మీటర్లు 12 వోల్టులవి. రెండు బ్యాటరీల మధ్య నుంచి 12 వోల్టులు లాగి ఇచ్చేయడం ఆటోనగర్‌లో అందరికీ తెలిసిన దగ్గరి దారి. దానివల్ల ఒక బ్యాటరీ ఎప్పుడూ ఎక్కువ అరిగి, రెండోది ఎక్కువ చార్జి అయి, చివరికి రెండూ పాడవుతాయి. 24 వోల్టుల మీటరే కొనాలి. సెన్సరూ మీటరూ ఒకే జతవి కావాలి. లోపల ఉండేది వేడి పెరిగినకొద్దీ నిరోధకత తగ్గే చిన్న పూస. ఏ వేడికి ఎన్ని ఓములన్నది ఒక్కో కంపెనీకి ఒక్కో రకంగా ఉంటుంది. ఒకరి సెన్సరుకు ఇంకొకరి మీటరు తగిలిస్తే ముల్లు కదులుతుంది, కానీ అది చెప్పేది అబద్ధం.

ఒంటి వైరు సెన్సరుకు ఎర్తు దాని ఒంటి నుంచే, అంటే త్రెడ్ ద్వారానే గేర్ బాక్సుకు అందుతుంది. లీకు కాకూడదని దాని మీద తెల్ల టేపు దట్టంగా చుట్టి బిగిస్తే ఎర్తు సరిగా అందక మీటరు ఉన్నదానికంటే తక్కువ వేడి చూపిస్తుంది. ఎక్కువ చూపించే మీటరు కన్నా తక్కువ చూపించే మీటరు ప్రమాదకరం, ఎందుకంటే దాన్ని ఎవరూ అనుమానించరు. లారీకి నేనైతే రెండు వైర్ల సెన్సరునే ఎంచుకుంటాను, ఎర్తు కూడా విడిగా లాగుతాను. కరెంటు ఇగ్నిషన్ వేశాక వచ్చే లైనులోంచి, ఫ్యూజు బాక్సులో ఖాళీగా ఉన్న చోటు నుంచి, చిన్న ఫ్యూజు వేసి తీసుకోవాలి. బీఎస్-6 బండిలో కంప్యూటరుకు పోయే సెన్సరు వైర్లను గీకి అందులోంచి తీసుకోవడం ఏ పరిస్థితిలోనూ కూడదు. ఆ ఒక్క గీతకు ఇంజను లైటు వెలిగి, బండి శక్తి తగ్గి, సర్వీసు సెంటరు చుట్టూ తిరగవలసి వస్తుంది.

వైరు పోయే దారి కూడా ముఖ్యమే. సైలెన్సరు పైపుకూ, గేర్ బాక్సు నుంచి వెనుక ఇరుసుకు శక్తిని అందించే జాయింటు షాఫ్టుకూ దూరంగా, పాత వైరింగ్ వెంబడే గొట్టంలో వేసి క్లిప్పులు కట్టాలి. గేర్ బాక్సు తన రబ్బర్ల మీద ఊగుతుంది, క్యాబిన్ ముందుకు వంగుతుంది. ఈ రెండు చోట్లా వైరుకు వదులు ఉంచాలి. క్యాబిన్ దించి ఉన్నప్పుడు బిగుతుగా కొలిచి కట్టిన వైరు, ఎవరో మెకానిక్ తరువాత క్యాబిన్ ఎత్తిన రోజున టపీమని తెగుతుంది. పాపం, ఆ మెకానిక్ మీదే నింద పడుతుంది.

బిగించే ముందు సెన్సరును తాత్కాలికంగా మీటరుకు తగిలించి, మరిగే నీళ్ళలో కొన ముంచి చూడడం పావుగంట పని. మన మైదాన ప్రాంతంలో ముల్లు 100 దగ్గర నిలవాలి. బిగించాక ఒకసారి లోడుతో తిప్పి వచ్చి, వేడి కొలిచే గన్నుతో హౌసింగ్ బయట అడుగు భాగాన్ని కొలిచి మీటరుతో పోల్చాలి. బయట కొంత తక్కువ చూపించడం సహజం, ముప్పై నలభై డిగ్రీల తేడా ఉంటే మాత్రం ఎక్కడో తప్పుంది. ఈ రెండు పరీక్షలూ చేయకుండా డబ్బు చేతికిచ్చి బండి తీసుకుపోవద్దని యజమానులకు మనవి.

మీటరుతో పాటు 120 డిగ్రీల దగ్గర మోగే బజరూ ఎర్ర లైటూ పెట్టించడం మేలని నా అభిప్రాయం. ఘాట్ మలుపులో ఎదురుగా బస్సు వస్తుంటే డ్రైవరు చూపు ముల్లు మీద ఉండదు, ఉండకూడదు కూడా. బజరు మోగినప్పుడు కంగారుపడనక్కర్లేదు. వీలైన చోట పక్కకు తీసి, చక్రాలకు అడ్డు పెట్టి, న్యూట్రల్‌లో క్లచ్ వదిలి ఇంజనును మెల్లగా కాసేపు తిరగనిస్తే ఆయిల్ లోపల తిరుగుతూ నెమ్మదిగా చల్లారుతుంది. ఆ తరువాత లెవెలూ, లీకులూ, పైన లోపలి గాలి బయటికి పోయే బ్రీదరు మట్టితో మూసుకుపోయిందేమో చూడాలి. కాలుతున్న హౌసింగ్ మీద బకెట్టుతో నీళ్ళు కొట్టే అలవాటు మానాలి.

ఈ సెన్సరు పట్టలేని నష్టాలు కూడా ఉన్నాయని చెప్పకపోతే నేను సరకు అమ్ముకునేవాడిలా మాట్లాడినట్టవుతుంది. డీజిల్ మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ వేసి వదిలేసే బండిలో, చక్రాలు మెయిన్ షాఫ్టును వేగంగా తిప్పుతుంటాయి, ఇంజనుతో కలిసి తిరిగే పక్క షాఫ్టు, అంటే కౌంటరు షాఫ్టు, మాత్రం ఐడిల్ వేగంతోనే తిరుగుతుంది. ఆయిల్‌ను పైకి చిమ్మేది ఆ కౌంటరు షాఫ్టే కాబట్టి పైనున్న బేరింగులకు తడి చాలదు. ఆగిపోయిన బండిని జాయింటు షాఫ్టు విప్పకుండా దూరం లాక్కుపోయినప్పుడైతే కౌంటరు షాఫ్టు అసలు తిరగదు. అడుగున ఆయిల్ చల్లగానే ఉంటుంది, మీటరు ప్రశాంతంగా ఉంటుంది, పైన బేరింగు మాడిపోతుంటుంది. న్యూట్రల్‌లో దిగడం బ్రేకుల రీత్యా ప్రాణాంతకమని అందరికీ తెలుసు. గేర్ బాక్సుకూ అది చేటేనని తెలిసినవారు తక్కువ. షాఫ్టు విప్పి లాగాలన్న నియమానికి ఏ సెన్సరూ ప్రత్యామ్నాయం కాదు.

ఇక ప్రభుత్వానికి విన్నపం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టులోని వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 సవరణతో చేరిన 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. ఆయిల్ వేడి చూపించే మీటరు సర్టిఫికెట్టులోని ఏ వివరాన్నీ మార్చదు. అయినా ఫిట్‌నెస్ పరీక్షలో డ్యాష్‌బోర్డు మీద కొత్త మీటరు చూసి ఏమంటారోనన్న భయంతో వెనుకాడే యజమానులు నా దగ్గరికే వస్తుంటారు. కంపెనీ ఇచ్చిన పోర్టులో, ఫ్యూజుతో, బండి కంప్యూటరు వైర్లు ముట్టుకోకుండా బిగించిన సూచిక అభ్యంతరకరం కాదని రెండు రాష్ట్రాల రవాణా శాఖలూ ఒక సర్క్యులర్ ద్వారా స్పష్టం చేస్తే ఆ భయం పోతుంది.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే, 3.5 టన్నులకు మించిన సరకు వాహనాల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి చేసింది. డ్రైవరు ఒంటికి తగిలే వేడిని పట్టించుకున్నందుకు సంతోషం. అదే నిబంధనల్లో 12 టన్నులు మించిన వాహనాలకు గేర్ ఆయిల్ వేడి హెచ్చరిక లైటును కూడా చేర్చవచ్చు. ఆటోమేటెడ్ బండ్లలో ఇప్పటికే ఉన్న పరిజ్ఞానమే కాబట్టి కంపెనీలు కొత్తగా కనిపెట్టవలసిందేమీ లేదు. అది జరిగేలోపు కనీసం పోర్టు ఎక్కడుందో, దాని త్రెడ్ కొలత ఎంతో, ఆ గేర్ బాక్సుకు ఎన్ని డిగ్రీలు హద్దో బండితో ఇచ్చే పుస్తకంలో తెలుగులో, బొమ్మతో సహా అచ్చు వేయాలని లారీ కంపెనీలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక ఆటో ఎలక్ట్రీషియన్,
ఆటోనగర్, విజయవాడ.